మా ఇంటి పిడుగురాయి

మొన్న సాయంత్రం శ్రీహరికోట నుంచి రాకెట్ వదులుతున్నారని మా ఇంట్లో అందరూ మేడ ఎక్కారు. మోకాళ్ళు వద్దంటున్నా నేనూ ఎక్కాను. తూర్పు దిక్కున ఒక నిప్పుచుక్క లేచి, వెనకాల పొగ గీసుకుంటూ, చూస్తుండగానే మబ్బుల్లో కలిసిపోయింది. తిరుపతిలో ఉండే మాకు ఇది కొత్త కాదు. అయినా ప్రతిసారీ చప్పట్లు కొడతాం. మా మనవరాలు మాత్రం చప్పట్లు కొట్టకుండా నా కొంగు పట్టుకుని, "అవ్వా, అది మళ్ళీ మన మీద పడదా?" అంది.

వాళ్ళమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ పిల్ల వయసులో నేను ఆకాశాన్ని చూసి భయపడినంతగా మా ఊళ్ళో ఇంకెవరూ భయపడి ఉండరు. ఊరికే భయపడలేదు లెండి. ఆకాశం ఒకసారి మా ఇంటి మీద కక్షతో రాయి విసిరిందని ఊరంతా చెప్పుకునేది.

మా ఊరు పలమనేరు పక్కన. చుట్టూ ఎవరో గుండ్లు పేర్చి మరిచిపోయినట్టు గుట్టలు. నడి వేసవిలో కూడా తెల్లవారుజామున దుప్పటి వెతుక్కోవాల్సిందే. బోదగడ్డి కప్పిన మా ఇంట్లో ముగ్గురం ఉండేవాళ్ళం: అవ్వ, అమ్మ, నేను. అవ్వ అంటే నాయనను కన్నతల్లి. ఆమె నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. కానీ మనసు దాకా పోవాలంటే ముందు నోరు దాటుకుని పోవాలి. అమ్మ అందుకు సరిగ్గా ఎదురు. రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. నాకు అవ్వ నోరే వచ్చిందని మావాళ్ళు ఇప్పటికీ అంటుంటారు. వాళ్ళు పొగడటానికి అనరని నాకు తెలుసు.

నాయన ముఖం నాకు గుర్తులేదు. ఎద్దుల చెమట, ఆముదం కలిసిన ఒక వాసన మాత్రం గుర్తుంది, అదీ నిజంగా గుర్తుందో, అమ్మ దాచిన ఆయన కంబళి వాసనో చెప్పలేను. నేను తప్పటడుగులు వేసే రోజుల్లో, ఎండలు ముదిరి తొలి వాన వచ్చిన పూట, ఆయన మేకల్ని తోలుకుని మా చేనిగట్టు మీది చింతచెట్టు కిందికి పోయి నిలబడ్డాడట. ఆ చెట్టు మీద పిడుగు పడింది.

అంతటితో అయితే ఏడ్చి ఊరుకునేవాళ్ళమేమో. కానీ మా వైపు వాళ్ళకు పిడుగు అంటే వట్టి మెరుపు కాదు, రాయి. అది భూమిలోకి దిగబడుతుంది. తీయకుండా వదిలేస్తే ఏటికింత పైకి లేస్తూ వచ్చి మళ్ళీ అక్కడికే ఇంకో పిడుగును పిలుస్తుంది. అందుకని ఊరివాళ్ళు గడ్డపారలు పట్టుకుపోయి ఆ చెట్టు పక్కన తవ్వారు. పిడుగురాయి నున్నగా ఉంటుందని అందరికీ తెలుసు కాబట్టి నున్నని రాయి దొరికేదాకా తవ్వారు. దొరికింది. నల్లగా, ఎండకు పెడితే కొంచెం పచ్చగా, నా రెండు అరచేతులు చాపితే అంత ఉండేది. ఒక కొస సన్నంగా, రెండో కొస వెడల్పుగా ఉండి, ఆ వెడల్పు అంచు వేలికి తగిలితే చురుక్కుమనేది.

ఇక ఊళ్ళో మాట పుట్టింది. దానికి కారణం అంతకు ముందు ఏడు జరిగిన తగువు. మా చేనికీ మునసబు చేనికీ నడుమ ఉండే గట్టు రాయి మునసబు చేనివైపు జరిగి కనిపించింది. ఆ మునసబు పరాయివాడు కాదు, నాయనకు పెదనాయన కొడుకు, అంటే నాకు పెదనాయన. "నువ్వే జరిపినావు" అని ఆయన నలుగురిలో అన్నాడు. నాయన కాణిపాకం పోయి, కోనేట్లో మునిగి, తడిగుడ్డలతో వినాయకుడి ముందు నిలబడి, ఆ రాయిని నేను ముట్టలేదని ప్రమాణం చేసి వచ్చాడు. మా జిల్లాలో కాణిపాకం ప్రమాణం తర్వాత ఇంక మాట ఉండదు. తగువు అంతటితో తెగిపోయింది. మరుసటి వేసవికే పిడుగు పడేసరికి తెగిన తగువు మళ్ళీ అతుక్కుంది. "వాడు రాయి జరిపినాడు, దేవుడు రాయి ఇసిరినాడు" అన్నారు. ఆ మాట ముందు ఎవరి నోట వచ్చిందో తెలియదు గానీ, వినడానికి బాగుండటంతో అందరి నోటా నిలబడిపోయింది.

అవ్వ ఆ రాయిని రాగుల కుండలో అడుక్కి తోసి దాచింది. పారేయరాదా అంటే, "పారేస్తే మళ్ళా యాడికి పోయి ఎవురి కొంప ముంచుతాదో" అనేది. కానీ కొన్నిసార్లు సంగటికి రాగులు తీయడానికి కుండలో చెయ్యి పెట్టి, ఎంతసేపటికీ బయటికి తీసేది కాదు. లోపల ఆ రాయిని తడుముతోందని నాకు తెలిసేది. తిట్టుకుంటోందో, ముద్దు చేస్తోందో మాత్రం తెలిసేది కాదు.

ఊరి తమాషా ఇంకోటి ఉంది. పిడుగురాయిని సాన మీద గంధంలాగా అరగదీసి ఆ నీళ్ళు పూస్తే పిల్లల గవదబిళ్ళలు కరుగుతాయని, తాగిస్తే ఉలికిపాటు పోతుందని నమ్మకం. కాబట్టి ఎవరింట్లో బిడ్డకు జ్వరం తగిలినా మా గుమ్మం ముందుకే వచ్చేవాళ్ళు. అదే జనం, మబ్బు పట్టి ఒక ఉరుము ఉరిమిందంటే, నన్ను తమ తిన్నె మీద నిలబడనిచ్చేవాళ్ళు కాదు. ఆ ఇంటి రక్తం రుచి మరిగిన పిడుగు మళ్ళీ ఆ ఇంటి మనిషినే వెతుక్కుంటూ వస్తుందని భయం. రాయి కావాలి, మేము వద్దు.

మునసబు పెదనాయన ఇల్లు బడి పక్కనే. బడి వదిలే వేళకు వాన వస్తే పిల్లలంతా "అర్జునా, ఫల్గుణా" అని అరుచుకుంటూ ఆ వసారాలోకి దూరేవాళ్ళు. నేనూ దూరేదాన్ని. పెద్దమ్మ బయటికి వచ్చి, "అమ్మీ, మబ్బు పట్టుండాది, నువ్వు ఇంటికి పో తల్లీ" అని, నేను మెట్టు దిగేదాకా చూసి తలుపు వేసుకునేది. తిట్టేది కాదు. మంచి గొంతుతోనే అనేది. అందుకే నాకు మరీ ఏడుపు వచ్చేది. ఊరి చివర మా ఇంటిదాకా ఆ ఉరుముల్లో ఒక్కదాన్నే పరుగెత్తేదాన్ని. ఇంట్లోకి పోగానే అమ్మ నన్ను కంబళిలో చుట్టి, వాన వెలిసేదాకా నా చెవులు మూసి పట్టుకునేది.

అప్పుడు యుద్ధం జరుగుతోంది. కిరసనాయిలు దొరక్క చీకటి పడకముందే సంగటి తిని పడుకునే రోజులు. మద్రాసు మీద బాంబులు వేస్తారని పుకారు పుట్టి, పట్నం జనం పెట్టేబేడా సర్దుకుని మా వైపు వచ్చిపడ్డారు. అలా ఒక అయ్యవారు, ఆయన భార్య, నా ఈడు కూతురు వచ్చి పెదనాయన ఇంటి ముందుగదిలో దిగారు. ఆయన కాలేజీలో రాళ్ళ గురించి చెబుతాడట. "రాళ్ళ గురించి సెప్పేదానికి ఒక మనిషా, ఆ మనిషికి మళ్ళా జీతమా!" అని మా అవ్వ బుగ్గలు నొక్కుకుంది. భుజాన సంచి, సంచిలో సుత్తి, మెడలో దారం కట్టిన భూతద్దం. ఊరు ఆయనకు రాళ్ళయ్యోరు అని పేరు పెట్టేసింది. వచ్చిన కొత్తలో ఒక పూట పెద్ద ఉరుము ఉరిమితే ఆ ఇంటిల్లిపాదీ బాంబే అనుకుని మంచం కింద దూరారని తెలిసి మా ఊరు వారం రోజులు నవ్వింది.

ఆ పిల్లకు నా సంగతి ఎవరూ చెప్పలేదు కాబోలు, నాతో స్నేహం చేసింది. నేను దాన్ని వాగు ఒడ్డున చింతచిగురు బండ దగ్గరికి తీసుకుపోయాను. అది మా పిల్లల వంటిల్లు. ఆ బండ మీద పడవల్లాగా పొడుగ్గా, నున్నగా అరిగిపోయిన గాళ్ళు ఉండేవి. పాండవులు అక్కడ కత్తులు నూరుకున్నారని మా పెద్దలు చెప్పేవాళ్ళు. పాండవులు వదిలిపోయిన గాళ్ళలో మేము దొంగతనంగా దూసిన చింతచిగురు, ఇంట్లో కాజేసిన ఉప్పుకల్లు, ఎండుమిరపకాయ వేసి గులకరాయితో నూరి, నాలుక కొసకు రాసుకుని, కళ్ళు మూసుకుని చప్పరించేవాళ్ళం. పట్నం పిల్లకు మొదటిరోజే ముక్కులో నీళ్ళు కారాయి. రెండోరోజు అదే ముందు పరుగెత్తింది.

కొన్నాళ్ళకు దానికి గవదబిళ్ళలు లేచాయి. బుగ్గలు రెండూ బూరెల్లా అయ్యాయి. అయ్యోరు సైన్సు మనిషి, ఇలాంటివి ఒప్పుకోడని భయపడి, ఆయన గుట్టకు పోయిన పూట చూసి పెద్దమ్మ మా ఇంటినుంచి పిడుగురాయి తెప్పించింది. అయ్యోరి భార్య సాన మీద దాన్ని అరగదీస్తూ ఉండగా ఆయన తిరిగి రానే వచ్చాడు. ఆమె రాయిని కొంగు చాటున దాచబోయింది. ఆయన మాత్రం కోప్పడలేదు. తడిరాయిని చేతిలోకి తీసుకుని, కళ్ళ ముందు తిప్పి తిప్పి చూసి, దాన్ని తువ్వాలులో పెట్టుకుని నేరుగా మా ఇంటికి వచ్చేశాడు. సాన దగ్గర కూర్చుని ఉన్న నేనూ వెనకాలే వచ్చాను.

అవ్వ రాగులు విసురుతోంది.

"ఇది మీకు ఎక్కడిదవ్వా?" అన్నాడాయన.

"పైనుంచి వచ్చింది సామీ. నా కొడుకు మింద పడింది."

ఆయన మెల్లగా, "ఇది ఆకాశం నుంచి పడింది కాదవ్వా" అన్నాడు.

అవ్వ తిరగలి ఆపింది. "ఏం సామీ, పైనుంచి బాంబులు పడతాయని పెండ్లాం బిడ్డల్ని ఎత్తుకోని ఈడికి పరిగెత్తుకొస్తివి. బాంబులు పడతాయి గానీ రాళ్ళు పడవా?"

అయ్యోరికి నవ్వొచ్చింది. "పడతాయవ్వా. రాళ్ళూ పడతాయి. అట్లాంటిది ఒకటి పట్నంలో నా చేత్తో పట్టుకుని చూశాను. సంగటి కుండ అడుగులాగా మాడి ఉంటుంది. పిండి ముద్ద మీద బొటనవేలు నొక్కినట్టు గుంటలుంటాయి. సూదంటురాయిని దగ్గరికి తెస్తే లాగుతుంది." అని సంచిలోంచి సూదంటురాయి తీసి మా రాయికి తాకించాడు. అది అంటుకోలేదు. "ఈ అంచు చూడండి. ఎవరో కూర్చుని, ఓపిగ్గా నీళ్ళు పోసి నూరారు. ఇది గొడ్డలవ్వా. మనుషులకు ఇనుము తెలియని కాలంలో చేసుకున్న గొడ్డలి. కట్టెపిడి ఎప్పుడో పుచ్చిపోయి ఉంటుంది."

"గొడ్డలైతే నా కొడుకు సచ్చిన తావులో ఎందుకు ఉండాది?"

"తెలీదవ్వా" అన్నాడాయన. "కనుక్కోవాలి."

అంత చదువుకున్న మనిషి తెలీదు అనడం నాకు వింతగా తోచింది. మా ఊళ్ళో పెద్దవాళ్ళకు తెలియనిది ఉండేది కాదు.

మరుసటిరోజు నుంచి ఆయన, ఆ రోజు చెట్టు దగ్గర తవ్వినవాళ్ళను ఒక్కొక్కరినీ విడివిడిగా అడిగాడు. రాయి నిప్పులాగా ఎర్రగా ఉండిందని ఒకరు, పొగలు కక్కిందని ఒకరు చెప్పారు. నిలువు లోతులో దొరికిందని ఒకరంటే మోకాలి లోతే అని ఇంకొకరన్నారు. ఆయన ఎవరినీ కాదనలేదు. చివరికి మళ్ళీ మా ఇంటికి వచ్చి అవ్వను అడిగాడు.

"నా సేతికి ఇచ్చినప్పుడు సల్లగా ఉండింది" అంది అవ్వ. "తడిమన్ను అంటుకోని ఉండింది."

"ఎట్లాంటి మన్ను?"

"బూడిద మన్ను. ఇంగేం మన్నుంటాది, పాటిమన్ను."

ఆయన చటుక్కున తలెత్తాడు. మా ఊరి పడమట పాటిదిబ్బ ఉండేది. అక్కడ ఎప్పుడో ఒక ఊరు ఉండి పాడుబడిపోయిందని అంటారు. ఆ దిబ్బ మన్ను బూడిద రంగులో ఉండేది, పైరుకు మంచి సారం. వేసవి వస్తే అందరూ బండ్లు కట్టుకుని ఆ మన్ను తవ్వి చేలకు తోలుకునేవాళ్ళు. మా వైపు సేద్యంలో అదొక పని, పెంట తోలినట్టే పాటిమన్ను తోలడం. దాని గురించి ఎవరూ ఆలోచించరు.

"దీన్ని నూరిన బండ ఈ చుట్టుపక్కలే ఎక్కడో ఉండాలి" అని ఆయన గొణుక్కుంటుంటే నేను ఆగలేకపోయాను. "సింతసిగురు బండ మింద గాళ్ళు ఉండాయి!" అని అరిచాను. నన్ను చెయ్యి పట్టుకుని వాగు దగ్గరికి తీసుకుపోయాడు. రాయిని నా చేతికే ఇచ్చి గాడిలో పెట్టమన్నాడు. పెట్టాను. కత్తి ఒరలో దిగినట్టు కూర్చుంది. ఆ గాడికి అప్పటికింకా మా కారం వాసన పోలేదు. ఎవరో ఒక మనిషి, మాలాగే ఇక్కడ చతికిలబడి, వాగు నీళ్ళు చల్లుకుంటూ ఈ రాయిని ముందుకూ వెనక్కూ నూరాడన్న మాట నాకు అప్పుడు ఒంట్లోకి దిగింది. పాండవుల కంటే ఆ పేరు తెలియని మనిషే నాకు నచ్చాడు.

అయ్యోరు ఆ సాయంత్రం పెదనాయన తిన్నె మీద, పదిమంది ఉండగా తన ఆలోచన చెప్పాడు. ఈ రాళ్ళు పాటిదిబ్బలో ఉన్నాయి, మన్నుతో కలిసి చేలకు పోతున్నాయి అని.

పెదనాయన నవ్వాడు. "అట్లయితే ఈ ఊర్లో నా సేనికి తోలినంత పాటిమన్ను ఎవురూ తోలల్యా. ఏటేటా దున్నిస్తాండా. ఒక్క పిడుగురాయి కంటికి కనపడల్యా. ఎందుకు కనపడతాదప్పా? నేను దొంగ ప్రమాణం సేసినోన్ని కాదు."

"చూడొచ్చునా?" అన్నాడు అయ్యోరు.

"పోయి సూసుకోండి. ఎవురొద్దనిరి?"

తెల్లారి ఊళ్ళో సగంమంది ఆ చేనికి కదిలారు. అవ్వ అందరికంటే ముందు నడిచింది. అమ్మ కూడా వచ్చింది, తలమీద కొంగు కప్పుకుని. దున్నేటప్పుడు నాగలికి తగిలిన రాళ్ళను ఏరి చేనిమూల కుప్ప పోస్తారు కదా, అయ్యోరు చేనిలోకి పోకుండా తిన్నగా ఆ కుప్ప దగ్గరికి పోయాడు. ఏళ్ళ తరబడి వేసిన కుప్ప, నా ఎత్తు ఉండేది. పిల్లలం, పెద్దలం చుట్టూ చేరి రాళ్ళు ఎత్తి చూడటం మొదలుపెట్టాం. తేళ్ళు బయటపడ్డాయి, తిట్లు బయటపడ్డాయి. ముందు ఒక విరిగిన ముక్క దొరికింది, అంచు మాత్రం నున్నగా. తర్వాతది నాకే దొరికింది. నిండు రాయి. మట్టి తుడిస్తే మా రాయికి తోబుట్టువే. ఇంకా దొరుకుతూ పోయాయి. ఆ చేనిలో ఇన్నాళ్ళూ ఎంతమంది చేతుల్లోంచి అవి కుప్పలోకి పోయాయో. పిడుగు పడిన చోట తప్ప మా ఊరివాళ్ళు ఎప్పుడూ ఒక రాయిని ఎత్తి చూడలేదు.

అవ్వ ఒక చేతిలో మా రాయి, ఒక చేతిలో నేనిచ్చిన రాయి పట్టుకుని లేచి నిలబడింది.

"ఏమప్పా, నా బిడ్డ మింద దేవుడు ఒక రాయి ఇసిరినాడంటిరే. నీ సేన్లో ఇన్ని ఇసిరినాడు గదా, ఇవి ఎవురి మింద?"

పెదనాయన ముఖం ఎర్రబడింది. కానీ ఆయనా తేలిగ్గా వదిలే మనిషి కాదు. "రాయి సంగతి పోనీ సిన్నమ్మా. పిడుగైతే పడింది గదా? ఊర్లో ఇంతమందిమి ఉండగా వాని మిందే ఎందుకు పడాల?"

అందరూ అయ్యోరి వైపు చూశారు. ఆయన నోరు తెరిచేలోపలే వెనకనుంచి ఒక గొంతు వచ్చింది. మెల్లగానే వచ్చింది గానీ అందరికీ వినపడింది.

"ఆ పొద్దు మేకలు గూడా సచ్చినాయి బావా. అవి యాడికి పోయి ప్రమాణం సేసినాయి?"

అది మా అమ్మ. ఆయన ఎదుట ఆమె నోరు విప్పడం ఊరు అంతకుముందు చూడలేదు. నేనూ చూడలేదు. పెదనాయన భుజం మీది తువ్వాలు దులిపి, మళ్ళీ వేసుకుని, గట్టు మీద నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. తప్పయిందని ఆయన ఆ రోజూ అనలేదు, పోయేదాకా అనలేదు. గట్టు రాయి ఎవరు జరిపారో నాకు ఈనాటికీ తెలియదు. వాన కోతకూ రాళ్ళు జరుగుతాయి, ఎద్దుల కాళ్ళకూ జరుగుతాయి.

ఆ మధ్యాహ్నం అయ్యోరు మా ఇంట్లో సంగటి, చింతచిగురు పప్పు తిన్నాడు. అవ్వ ఆయన ముందు కూర్చుని ఎప్పటిలా మాట విసరకుండా, నెమ్మదిగా అడిగింది.

"అయితే నా కొడుకు ఎందుకు సచ్చినాడు సామీ?"

"ఎత్తుగా ఉన్నదాని మీద పిడుగు పడుతుందవ్వా. ఆ గట్టు మీద ఆ చెట్టు ఒక్కటే ఉంది. వాన వస్తోందని ఆయన దాని కిందికి పోయాడు."

"అంతేనా?"

"అంతేనవ్వా."

అవ్వ, "అయితే వాని మింద కోపంతో కాదు" అంది. తర్వాత ఏడ్చింది. అన్నేళ్ళూ ఆమె తిట్టడమే చూశాను నేను, ఏడవడం చూడలేదు. కొడుకు చచ్చినందుకు ఏడవడానికి ఆమెకు అప్పటికి గాని వీలు చిక్కలేదేమో. దేవుడు శిక్ష వేసినవాడి కోసం తల్లయినా గట్టిగా ఏడవడానికి జంకుతుంది.

అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, గడప మీద పెట్టిన ఆ రాయిని చేతిలోకి తీసుకుంది. అంతకుముందు ఆమె దాన్ని ముట్టగా నేను చూడలేదు.

"ఆ ఏడు మన సేనికి పాటిమన్ను తోలింది ఆయనే గదత్తా" అంది. "దిబ్బ కాడ గంపలకు ఎత్తింది నేను. ఈ బిడ్డను వేపసెట్టుకు ఉయ్యాల కట్టి పండేసి, దినమంతా ఎత్తినా. ఆయన ఒక్కో బండీ తోలుకోని పోయి ఆ సింతసెట్టు కాడ్నే కుప్ప పోసినాడు. ఈ రాయి నా గంపలోనే పోయుంటాది."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దేవుడు విసిరాడని ఊరు చెప్పిన రాయిని, మా అమ్మ గంపకెత్తితే మా నాయన బండిలో తోలుకుపోయాడు. అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ తన గొంతు తెచ్చుకుని, "అట్లయితే ఇది మన రాయే" అంది.

అయ్యోరు దాన్ని పట్నం తీసుకుపోతానని అడిగితే ఇవ్వలేదు. "కుప్పలో ఉండేటివి ఎన్నన్నా ఎత్తుకోని పో. ఇది మా ఇంటిది." రాయి మళ్ళీ రాగుల కుండలోకి పోలేదు. మా తలుపు గాలికి ఊరికే కొట్టుకునేది. అవ్వ రాయి సన్నని కొసను తలుపు కిందికి తోసి, తెరిచిన తలుపు తెరిచినట్టే నిలబెట్టింది. ఆ పనికే పుట్టినట్టు సరిపోయింది. ఆ తర్వాత కూడా గవదబిళ్ళల మందుకని రాయి కోసం వచ్చినవాళ్ళు లేకపోలేదు. "ఇది గొడ్డలంట. పూస్తే బిడ్డ గొంతు తెగతాది, పో" అని తరిమేది అవ్వ.

ఊరు ఒక్కరోజులో మారిందని నేను చెప్పను. అలాంటి కథలు నేను నమ్మను కూడా. ఆ తర్వాత వచ్చిన మొదటి వానప్పుడు నేను పెదనాయన వసారాలో అయ్యోరి కూతురితో అచ్చనగాయలు ఆడుతున్నాను. ఎర్రమన్ను వాసన ముందు వచ్చింది, వెనకే ఉరుము. ఎవరూ చెప్పకముందే నా కాళ్ళు మెట్లు దిగేశాయి. చినుకుల్లో నిలబడి వెనక్కి చూశాను. పెద్దమ్మ తలుపు రెక్క పట్టుకుని నిలబడి ఉంది. రమ్మనలేదు. పొమ్మనలేదు. నన్ను చూసింది, పైకి చూసింది, మళ్ళీ నన్ను చూసింది. తలుపు మాత్రం వెయ్యలేదు. అంతలో పట్నం పిల్ల దిగివచ్చి నా చెయ్యి పట్టి లాక్కుపోయింది. నేను గడప లోపల తడిసిన కోడిపిల్లలా నిలబడి, పిడుగు నా కోసం వస్తుందేమోనని ఎదురుచూశాను. రాలేదు. కొంతసేపటికి పెద్దమ్మ తన పాత చీర ముక్క నా తల మీద వేసి, "తుడుసుకో అమ్మీ, జలుబు సేస్తాది" అంది. ఆ చీర ముక్కలోకి ముఖం దూర్చి నేను ఎంతసేపు ఏడ్చానో ఆమె చూడలేదనే అనుకుంటాను.

బాంబుల భయం తగ్గాక అయ్యోరు కుటుంబంతో పట్నం వెళ్ళిపోయాడు. మళ్ళీ మేము ఆయన్ని చూడలేదు. అవ్వ పోయింది, తర్వాత చాలా ఏళ్ళకు అమ్మ పోయింది. పాటిదిబ్బను బండ్లూ, ఆపైన ట్రాక్టర్లూ తవ్వుకుపోగా అది చదునై ఇళ్ళ స్థలాలు అయ్యింది. చింతచిగురు బండను కంకరకు పగలగొట్టారని విన్నాను. అంత కాలం నూరినవాళ్ళ గాళ్ళు ఏ రోడ్డు కింద ఉన్నాయో. ఆ ఊరి నుంచి నా వెంట వచ్చింది ఈ రాయి ఒక్కటే. నేను కాపురం పెట్టిన ప్రతి ఇంట్లోనూ వీధి తలుపు దగ్గరే ఉంది. తలుపుకు మంచి ఇత్తడి కొక్కెం పెట్టిస్తానని మావాడు ఎన్నిసార్లు అన్నా నేను ఒప్పుకోలేదు.

మేడ మీద ఆ పిల్ల ఇంకా నా కొంగు వదల్లేదు. "పడదులే" అన్నాను. దానికి సరిపోలేదు. "పడితే?" అంది. "పడినా నీ మీద కోపంతో కాదు తల్లీ" అన్నాను. వాళ్ళమ్మ నా వైపు వింతగా చూసింది.

మేము కిందికి దిగేసరికి రాకెట్ దూరిన మబ్బే ముదిరి గాలి లేచింది. కొండ వైపు ఒక ఉరుము ఉరిమింది. ఇంట్లో వాళ్ళంతా కిటికీలు మూయడానికి పరుగెత్తారు. నేను పోయి వీధి తలుపు బార్లా తీసి, కింద రాయి తోశాను. మా వీధిలో పూలమ్మే ఆమె బిడ్డను ఎత్తుకుని గోడవార నిలబడి ఉంది. లోపలికి రమ్మన్నాను.